హంతకుడి రేటు

అక్రమ బెట్టింగును తొంభై రోజుల్లో కూకటివేళ్ళతో పెకిలించి పారేస్తామని క్రీడల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ పెకిలించేది పోలీసులు కాదట.

"పోలీసులకి చాలా అవకాశాలిచ్చాం. ఇప్పుడు సాహిత్యానికి ఒక అవకాశం ఇద్దామనుకుంటున్నాం," అన్నారు.

రాసుకుంటున్న విలేకరులు తలలెత్తారు. ఆ తలలు మళ్ళీ దిగేదాకా ఆగి మంత్రిగారు మిగతాది సెలవిచ్చారు. తామే స్వయంగా ఒక డిటెక్టివ్ నవల రాస్తున్నారు. వచ్చే ఆదివారం నుంచి పత్రికలో సీరియల్‌గా వస్తుంది. ఆటల మీద పందేలు కాసేవాళ్ళ, కాయించేవాళ్ళ బండారం మొత్తం అందులో బయటపెడతారు. చదివిన ప్రతి పౌరుడూ సిగ్గుతో కుంచించుకుపోయి పందేలు మానేస్తాడు.

"నవల పూర్తయిందా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"మనసులో పూర్తయింది. కాగితం మీద పెట్టడమే తరువాయి."

కాగితం మీద పెట్టవలసిన మనిషి హాలు చివర నిలబడి, మైకు వైరు మీద ఎవరూ కాలు వేయకుండా కాపలా కాస్తున్నాడు. తాను నవల రాయబోతున్నట్టు అతనికీ అప్పుడే తెలిసింది.

అతను ఆ శాఖలో ప్రెస్ నోట్లు రాసే ఉద్యోగి. ఆఫీసులో అందరూ అతన్ని సస్పెన్స్ అని పిలుస్తారు. వయసులో ఉండగా మూడు డిటెక్టివ్ నవలలు అచ్చు వేయించుకున్నాడు. వాటిని చదివినవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు గానీ, అతని ప్రెస్ నోట్లలో అసలు విషయం ఆఖరి వాక్యం దాకా రాదని మాత్రం అందరికీ తెలుసు. పేరు అలా నిలబడింది.

మంత్రిగారు ఛాంబరులోకి పిలిపించి, కుర్చీ చూపించారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ గదిలో సస్పెన్స్ కూర్చోవడం అదే మొదలు.

"ఏమయ్యా, నీ స్వేచ్ఛకి నేను అడ్డం రాను. కళాకారుడంటే నాకు గౌరవం. హంతకుడు ఎవరనేది పూర్తిగా నీ ఇష్టం. అయితే, మొదట నాకు చెప్పు."

"చెబితే సస్పెన్స్ పోతుంది సార్."

"నవల రాస్తున్నది నేను. నాకు తెలియకపోతే ఎలాగయ్యా?"

రాస్తూ పోతే తప్ప హంతకుడెవరో తనకూ తెలియదనీ, తన పద్ధతే అంతేననీ సస్పెన్స్ విన్నవించుకున్నాడు. మంత్రిగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

విషయసేకరణ కోసం అతను బెట్టింగ్ నిరోధక ప్రత్యేక విభాగానికి వెళ్ళాడు. దాని అధికారి నిలువెత్తు మనిషి, మాట నెమ్మది. బల్ల మీద నాలుగు ఫోన్లు వరసగా పెట్టి ఉన్నాయి.

"మా పరిధిలో బెట్టింగ్ అనేదే లేదండీ. అందుకే మా విభాగానికి రెండు పతకాలొచ్చాయి," అన్నాడు అధికారి.

"ఒకవేళ ఉంటే ఎలా ఉంటుందో ఊహించి చెప్పగలరా?"

"ఊహించడం మాకు అలవాటు లేదు. అయినా అడిగారు కాబట్టి…" అని మొదలుపెట్టి రెండు గంటలు ఆగకుండా ఊహించాడు. మ్యాచ్ మొదలవకముందు రేటు ఎవరు కడతారు, మొదటి గోల్ పడగానే అది ఎన్ని క్షణాల్లో మారుతుంది, గోల్ కీపర్ చేతి తొడుగు సర్దుకుంటే దానర్థం ఏమిటి, రిఫరీ వాచీ చూసుకుంటే ఏమిటి, ఇవన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. మధ్యలో మూడో ఫోన్ మోగింది. "రెండో సగంలో పెనాల్టీ ఉందా? అయితే ఇప్పుడే వదిలించుకో," అని పెట్టేశాడు.

"మా అత్తగారు. ఆవిడకి ఆటలంటే ప్రాణం," అన్నాడు.

అలాంటి అత్తగారు ఉన్నందుకు సస్పెన్స్ అభినందించి, నిండిన నోటుపుస్తకంతో ఇంటికొచ్చాడు.

ఇంట్లో భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆవిడ లెక్కల టీచర్. పక్కనే ఆవిడ తమ్ముడు కూర్చుని టీ తాగుతున్నాడు. అతని చేతివేళ్ళకు ఎప్పటిలాగే తెల్లగా సున్నం అంటుకుని ఉంది. ఒకప్పుడు లీగ్‌లో పేరున్న గోల్ కీపర్. ఆరేళ్ళ నుంచి స్కూలు మైదానాల్లో సున్నంతో గీతలు గీస్తున్నాడు. ఆడడానికి నిషేధం ఉంది గానీ గీతలు గీయడానికి లేదు.

"బెట్టింగ్ మీద నవలటగా బావా. ఎవర్ని అడిగి రాస్తున్నావు?"

"ప్రత్యేక విభాగం అధికారి చాలా సాయం చేశాడురా."

బావమరిది నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు.

"నన్ను ఎప్పుడైనా అడిగావా?"

నిజమే, సస్పెన్స్ ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఆ ప్రస్తావన వస్తే అందరూ లేచి ఏదో ఒక పని చూసుకునేవాళ్ళు. ఆరోజు భార్య పెన్ను మూసి, "చెప్పరా," అంది.

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫైనల్‌కు ముందురోజు ప్రాక్టీసు అయ్యాక ఒక పెద్దమనిషి వచ్చాడు. రెండో సగంలో ఒక్క బంతిని వదిలేయమన్నాడు. బావమరిది నేరుగా వెళ్ళి క్రీడల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. మర్నాడు ఆ బంతి రానే వచ్చింది. దూకి ఆపాడు. పదిరోజులకు నిషేధం ఉత్తర్వు వచ్చింది. కారణం: బెట్టింగ్ వ్యక్తులతో సంభాషించుట.

"ఫిర్యాదులో నేనే రాశాను కదా బావా, అతను నాతో మాట్లాడాడని. అదే సాక్ష్యం."

లెక్కల టీచర్ మళ్ళీ పెన్ను తెరిచింది. తర్వాత దిద్దిన పేపరు పిల్లవాడు ఎవరో గానీ, ఆరోజు అతనికి మార్కులు బాగా తక్కువొచ్చాయి.

సీరియల్ మొదలైంది. మొదటి వారం, ఫైనల్ మ్యాచ్ విరామంలో డ్రెస్సింగ్ రూమ్‌లో రిఫరీ శవమై కనిపిస్తాడు. విజిల్ నోట్లోనే ఉంటుంది. అనుమానితులు క్లబ్ యజమాని, కోచ్, జట్టు డాక్టరు. బెట్టింగును రూపుమాపడానికి కంకణం కట్టుకున్న క్రీడల మంత్రి పాత్ర కూడా ఒకటి పెట్టాడు, పైవాళ్ళ మర్యాద కోసం.

ప్రూఫ్ చూసిన మంత్రిగారు మండిపడ్డారు.

"బుకీ కాగితం మీద పందేలు రాసుకుంటున్నాడా? ఏ కాలంలో ఉన్నావయ్యా? నా పరువేం కావాలి? కాగితం ఎవడూ ముట్టుకోడు. ముందు నమ్మకస్తుడి ద్వారా కోడ్ వస్తుంది. క్లబ్బుకి పువ్వు పేరు, అంకెకి చుట్టం పేరు. 'మల్లెకి ఇద్దరు బాబాయిలు' అంటే…" అని ఆగి, గ్లాసు మంచినీళ్ళు తాగారు. "అంటే ఏమిటో కనుక్కో. నాకెలా తెలుస్తుంది?"

సస్పెన్స్ మల్లెను, బాబాయిలను చేర్చాడు. నవలలో ఇంతటి జీవం తన పాత పుస్తకాల్లో ఎక్కడా లేదని అతనికే అనిపించింది. పాఠకులకూ అలాగే అనిపించింది. నాలుగో వారానికి ఆదివారం పత్రిక తెల్లవారకముందే అమ్ముడైపోతోంది.

ఐదో వారం సస్పెన్స్ క్షవరానికి వెళ్ళాడు. మంగలి మెడకు గుడ్డ చుట్టి, నురగ రాసి, కత్తి గొంతు మీద ఆనించి వినయంగా అడిగాడు.

"డాక్టరేనా సార్?"

"ఏ డాక్టరు?"

"హంతకుడండీ. నేను డాక్టరు మీద కాశాను."

సస్పెన్స్ కదలకుండా కళ్ళు మాత్రం తిప్పాడు. అద్దం పక్కన క్షవరానికింత, గడ్డానికింత అని రాసిన పట్టిక కింద, సుద్దముక్కతో ఇంకో పట్టిక ఉంది. డాక్టరు ఒకటికి రెండు. కోచ్ ఒకటికి మూడు. క్లబ్ యజమాని ఒకటికి ఐదు. డిటెక్టివ్ ఒకటికి పన్నెండు. మంత్రి ఒకటికి నలభై.

"సీరియల్ మీద పందేలా?"

"మ్యాచ్‌ల మీద ఎవరు కాస్తున్నారండీ ఇప్పుడు? అందులో ఎవడు అమ్ముడుపోయాడో ముందే తెలిసిపోతోంది. మజా ఏముంది? ఇందులో నిజంగా ఎవరికీ తెలియదు. చాలా నిజాయితీ గల ఆట సార్, మీది."

"రాస్తున్నది మంత్రిగారయ్యా."

"తమరు రాస్తున్నట్టు ఊరందరికీ తెలుసు సార్. మంత్రిగారికి కూడా తెలిసే ఉంటుంది." మంగలి కత్తి తుడిచి మళ్ళీ ఆనించాడు. "మంత్రి పాత్ర మీద మాత్రం ఎవరూ కాయట్లేదండీ. మరీ మంచివాడుగా రాశారు, ఎవరికీ నమ్మకం కుదరట్లేదు. అంటే, హంతకుడని నమ్మకం."

ఒక చెంప మాత్రమే గీయించుకుని సస్పెన్స్ బయటపడ్డాడు. దారిలో అతనికి ఒక్కొక్కటే అర్థమైంది. మూడో వారం మంత్రిగారు చీటీ పంపారు: 'కోచ్ మీద కొద్దిగా అనుమానం రావాలి.' నాలుగో వారం ఇంకో చీటీ: 'కోచ్ పాపం మంచివాడేమో ఆలోచించు.' ఐదో వారం: 'డాక్టరు చేతికి కట్టు ఎందుకుంది?' మంత్రిగారికి సాహిత్యాభిరుచి పెరుగుతోందని అతను సంతోషించాడు. పెరిగింది అభిరుచి కాదు, రేటు.

ఆ వారంలోనే ప్రత్యేక విభాగం అధికారి గణాంకాలు విడుదల చేశాడు. మ్యాచ్‌ల మీద పందేలు డెబ్బై శాతం తగ్గాయి. లేని పందేలు తగ్గడం ఎలా అని ఎవరూ అడగలేదు. మంత్రిగారు సాహిత్యం సాధించిన విజయంగా దాన్ని వర్ణించారు. సీరియల్ మీద పందేల సంగతి ఒక విలేకరి ఎత్తితే, నవల క్రీడ కిందికి రాదు కనుక అది తమ శాఖ పరిధి కాదని సాంస్కృతిక శాఖకు పంపించారు.

ఎనిమిదో వారంలో నవలలోని గోల్ కీపర్ ఫిర్యాదు ఇచ్చే ఘట్టం వచ్చింది. ఫిర్యాదు ఇచ్చాక ఆఫీసులో అది ఎక్కడికి వెళుతుందో సరిగ్గా రాయాలని సస్పెన్స్ కింది అంతస్తులోని రికార్డు గదికి దిగాడు. బావమరిది ఫిర్యాదు అక్కడే ఉంది. పిన్ను తుప్పుపట్టి కాగితానికి మచ్చ చేసింది. బావమరిది దస్తూరి పిల్లల దస్తూరిలా గుండ్రంగా ఉంది. మార్జిన్‌లో ఆకుపచ్చ సిరాతో మూడు వాక్యాలు ఉన్నాయి. 'ఫిర్యాదుదారు తనకు బుకీతో పరిచయం కలదని స్వయముగా అంగీకరించినాడు. కఠిన చర్య తీసుకొనవలెను. బంతిని ఎందుకు ఆపెనో కూడా విచారించవలెను.' కింద మంత్రిగారి సంతకం.

సస్పెన్స్ ఆ ఆఖరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ప్రెస్ నోట్ రాసేవాడిగా మెచ్చుకోక తప్పలేదు. అసలు విషయం చివరికే పెట్టారు.

హంతకుడెవరో అతనికి అక్కడే తెలిసిపోయింది.

తర్వాత నాలుగు వారాలు మంత్రిగారు దువ్వారు, బుజ్జగించారు, ప్రమోషన్ అన్నారు. "ఒక్క పేరు చెప్పవయ్యా," అన్నారు. సస్పెన్స్ తివాచీ మీద పూలు లెక్కపెడుతూ, "ఇంకా తేలలేదు సార్," అన్నాడు. ప్రత్యేక విభాగం అధికారి ఇంటికే వచ్చి, తన అత్తగారు డాక్టరు మీద చాలా ఆశ పెట్టుకుని ఉన్నారనీ, ఆవిడకి గుండె జబ్బనీ చెప్పి వెళ్ళాడు. లెక్కల టీచరు పనిచేసే స్కూల్లో హెడ్మాస్టరు ఆవిడకి రెండు పీరియడ్లు తగ్గించాడు. ఆయన కాసింది క్లబ్ యజమాని మీద.

ఆఖరి భాగం సస్పెన్స్ శనివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. కొట్టివేతలు లేవు. భార్య నిలబడే చదివింది. చదివి, ఒక దీర్ఘం తప్పుపోతే దిద్దింది.

"ఉద్యోగం పోతుందండీ."

"పోనీ."

"పోనీ అని నేననాలి. మీరనకూడదు. సరే, పోనీ."

బావమరిది సున్నం చేతులు కడుక్కుని వచ్చి కాగితాలు అందుకున్నాడు. అతను చదవడం నెమ్మది. మంత్రి ఆకుపచ్చ సిరాతో రాసిన చోట వేలు పెట్టి ఇంకోసారి చదివాడు.

"నా పేరు ఎక్కడా లేదు కదా?"

"లేదురా."

"ఉన్నా ఫరవాలేదు బావా." ఇంకో పేజీ తిప్పాడు. "ఆ బంతి ఆపానని మాత్రం రాశావు కదా?"

"పేజీన్నర రాశాను."

"ఎడమ పక్కకి దూకాను. నువ్వు కుడి అని రాశావు."

సస్పెన్స్ దిద్దాడు. మంత్రిగారి ఛాంబరుకు పంపవలసిన ప్రూఫ్ పంపకుండా, రాత ప్రతిని తానే ప్రెస్సుకు తీసుకెళ్ళి, మధ్యాహ్నం అచ్చు ప్లేటు తయారయ్యేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో మొదటి నవల అచ్చయిన రోజున కూడా అతని గుండె అలా కొట్టుకోలేదు.

ఆదివారం పత్రిక వచ్చింది. హంతకుడు క్రీడల శాఖ మంత్రి.

ఊరు నోరెళ్ళబెట్టింది. మంగలి సుద్దముక్క నేలకేసి కొట్టాడట. ప్రత్యేక విభాగం అధికారి అత్తగారికి ఏమీ కాలేదు గానీ, అధికారి మాత్రం సెలవు పెట్టాడు. స్కూలు మైదానంలో మాత్రం నలుగురు పిల్లలు బావమరిది చుట్టూ చేరి, "ఆ గోల్ కీపర్ మీరేనటగా? ఒకసారి దూకి చూపించండి," అన్నారు. అప్పుడే గీసిన గీత చెరిగిపోతుందని తెలిసి కూడా దూకాడట. ఆ సంగతి లెక్కల టీచరు రెండుసార్లు చెప్పింది. సస్పెన్స్‌కు ఆ ఆదివారం భోజనం ఎంత రుచించిందో చెప్పలేం.

సోమవారం పది గంటలకు పిలుపొచ్చింది. రాజీనామా రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఛాంబరు తలుపు తీయగానే మంత్రిగారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాచి ఎదురొచ్చారు. గట్టిగా కౌగిలించుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఒకటికి నలభై!" అన్నారు. "ఊరంతా వెతికినా నా మీద కాసినవాడు ఒక్కడు లేడయ్యా, నేను తప్ప."

"హంతకుడు మీరని రాశాను సార్," అన్నాడు సస్పెన్స్. అర్థం కాలేదేమోనని.

"మరి అందుకే కదా!"

"మీకు… ఎలా తెలిసింది సార్?"

"నాలుగు వారాల నుంచీ నా మొహం చూడ్డం మానేశావు. నాకంటే డిటెక్టివువా నువ్వు?" భుజం తట్టారు. "నిజాయితీపరుడివి. నీలాంటివాడి మీద కళ్ళు మూసుకుని కాయొచ్చు."

సస్పెన్స్ జేబులోంచి చెయ్యి తీశాడు. రాజీనామా జేబులోనే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు ఎందుకు ఇస్తున్నట్టో చెప్పడానికి అతనికి వాక్యం దొరకలేదు.

మధ్యాహ్నం విలేకరుల సమావేశం. బెట్టింగును తొంభై రోజులన్నది ఎనభై నాలుగు రోజుల్లోనే రూపుమాపామని మంత్రిగారు ప్రకటించారు. ఒక విలేకరి లేచాడు.

"సార్, మీ నవలలో దోషి క్రీడల మంత్రి. దీని మీద మీరేమంటారు?"

"చాలా తీవ్రమైన ఆరోపణ. రాసినవాడిగా నేను దానికి కట్టుబడి ఉన్నాను. మంత్రిగా దాన్ని ఖండిస్తున్నాను. కాబట్టి నిష్పక్షపాతంగా విచారణ జరిపిస్తాను. ఏకసభ్య సంఘం."

"ఆ సభ్యుడు ఎవరు సార్?"

"ఇద్దరి వాదనా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా," అన్నారు మంత్రిగారు నమ్రతగా. "గోల్ కీపర్ మీద నిషేధం సంగతి కూడా తిరగదోడుతున్నాం. నివేదిక రాసే బాధ్యత మన సస్పెన్స్ గారికి అప్పగించాం."

చప్పట్లు మోగాయి. హాలు చివర, మైకు వైరు దగ్గర నిలబడ్డ సస్పెన్స్ చెవి వెనక ఎవరో మెల్లగా దగ్గారు. వెనక వరస విలేకరి.

"నివేదికలో ఏం తేలుతుంది సార్? 'ఎవరి తప్పూ లేదు' ఒకటికి ఒకటింబావు అప్పుడే నడుస్తోంది. 'గోల్ కీపర్‌దే తప్పు' ఒకటికి రెండు. ఒక్క ముక్క చెప్పండి, మీ పేరు బయటికి రానివ్వను."

సస్పెన్స్ ముందుకే చూస్తున్నాడు. వేదిక మీద మంత్రిగారి మెడలో దండ వేస్తున్నారు.

"'గోల్ కీపర్ నిర్దోషి' అని తేలితే?" అని అడిగాడు, పెదవులు కదలకుండా.

విలేకరి జాలిగా నవ్వాడు. "దాని మీద ఎవరు కాస్తారు సార్? ఒకటికి అరవై దాకా ఉంది."

సస్పెన్స్ అటూ ఇటూ చూశాడు. తర్వాత పర్సు తీశాడు.